ఒకే గోదారి, ఒకే గురుడు, మరి పుష్కరానికి రెండు తేదీలేంటి?

గౌతమి ఎక్స్‌ప్రెస్ కొవ్వూరు దాటి బ్రిడ్జి ఎక్కేసరికి ఇంకా తెల్లారలేదు. చక్రాల చప్పుడు మారగానే అమ్మకి మెలకువ వచ్చేసింది, ఎవరూ లేపక్కర్లేదు, రాత్రి కొంగు చివర ముడేసి పెట్టుకున్న చిల్లర విప్పి ఒక రెండు రూపాయల బిళ్ళ నా చేతిలో పెట్టి ఇంకోటి తను పట్టుకుంది. కిటికీ ఊచల్లోంచి వేస్తే నాది గర్డరుకి తగిలి టింగుమని చీకట్లోకి పోయింది. "ఇది మీ నాన్నది" అని అమ్మ మూడో బిళ్ళ కూడా వేసింది. నాన్న పోయి ఏడాది దాటింది.

మేము వెళ్ళింది పుష్కరాలకి కాదు, అవి రావడానికి ఇంకా టైముంది. సంక్రాంతి రద్దీ అయిపోయాక ఒకసారి గోదారి స్నానం చేసొద్దామని, అలాగే పుష్కరాల్లో నాన్నకి పిండప్రదానం ఎప్పుడు పెట్టించాలో అక్కడి పంతులుగారినే అడిగి రూఢి చేసుకుందామని అమ్మ పట్టుబడితే వెళ్ళాం. ఎందుకు పట్టుబట్టిందంటే పూణేలో ఉండే పిన్ని ఫోన్ చేసి "అక్కా, ఇక్కడ నాసిక్‌లో గోదావరికి 2026 అక్టోబరు 31 నుంచే మొదలంట, మీరేమో 2027 జూన్ 26 అంటున్నారు, గురుడు సింహరాశిలోకి వస్తేనే కదా ఎక్కడైనా, ఇద్దరికీ ఎనిమిది నెలలు తేడా ఏంటి, ఎవరిది తప్పు?" అని అడిగింది. అమ్మకి ఆ రోజు నుంచి నిద్ర లేదు. తప్పు రోజున పెడితే నాన్నకి చేరదేమో అని ఆవిడ భయం. ఫ్యామిలీ గ్రూపులో తలా ఒక ఫార్వర్డు పెట్టి ఇంకా గందరగోళం చేశారు.

ఎవరిదీ తప్పు కాదు. ఇద్దరూ ఒకే గురుణ్ణి చూసి, ఒకే రాశిని చూసి, సరిగ్గానే లెక్కేశారు. అదెలాగో అమ్మకి చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది, రాజమండ్రి పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుని చెప్పాను, అదే ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే మా ఇంట్లో వచ్చిన అనుమానమే చాలా ఇళ్ళల్లో వచ్చి ఉంటుంది.

ముందు కథ చిన్నగా. తుందిలుడు అనే ఆయన శివుడి కోసం తపస్సు చేసి జలంతో ఒకటయ్యే వరం పొందాడు, అందరినీ పోషించే నీరు అయ్యాడు కాబట్టి పుష్కరుడు అన్నారు. బ్రహ్మ సృష్టికి నీళ్ళు కావాలని ఆయన్ని తన కమండలంలోకి తీసుకున్నాడు. తర్వాత బృహస్పతి వచ్చి జనం కోసం పుష్కరుణ్ణి నాకివ్వండి అంటే పుష్కరుడేమో బ్రహ్మని వదిలి రానన్నాడట. చివరికి ఒక ఒప్పందం కుదిరింది: గురుడు ఒక రాశిలోకి అడుగుపెట్టిన మొదటి 12 రోజులు, ఆ రాశి వదిలే ముందు 12 రోజులు పుష్కరుడు ఆ రాశికి చెందిన నదిలో పూర్తిగా ఉంటాడు, మధ్యలో ఏడాదంతా రోజూ మధ్యాహ్నం రెండు ముహూర్తాలు ఉంటాడు. ముహూర్తం అంటే 48 నిమిషాలు, అంటే గంటన్నర పైన. మొదటి 12 రోజులు ఆది పుష్కరం, చివరి 12 అంత్య పుష్కరం. మనం మామూలుగా పుష్కరాలు అనేది ఆది పుష్కరాన్నే.

ఈ కథలో నాకు బాగా నచ్చేది ఏంటంటే పుష్కరుడు ఫలానా రేవులో ఉంటాడని లేదు, నదిలో ఉంటాడు అని ఉంది. ఈ మాట మళ్ళీ కావాలి మనకి.

రాశికో నది. మేషం గంగ, వృషభం నర్మద, మిథునం సరస్వతి, కర్కాటకం యమున, సింహం గోదావరి, కన్య కృష్ణ, తుల కావేరి, అలా మీనంలో ప్రాణహిత దాకా. రెండు మూడు రాశుల దగ్గర ప్రాంతాన్ని బట్టి నది మారుతుంది, వృశ్చికానికి మనవైపు భీమా అంటే తమిళులు 2018లో తామ్రపర్ణికి చేసుకున్నారు. గోదావరి విషయంలో మాత్రం ఎవరికీ పేచీ లేదు, గురుడు సింహంలో ఉంటే గోదారే.

సరే, ఇక గురుడి దగ్గరికి వద్దాం, చిక్కంతా అక్కడే ఉంది.

గురుడికి సూర్యుడి చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి 12 ఏళ్ళు పడుతుందని అనుకుంటాం కానీ కచ్చితంగా చెప్తే 11.86 ఏళ్ళు. చక్రం మొత్తం 12 రాశులు, రాశికి 30 డిగ్రీలు, కాబట్టి ఒక్కో రాశిలో సుమారు ఏడాది. ఇంతవరకు అందరికీ తెలిసిందే. కానీ మనం గురుణ్ణి సూర్యుడి మీద కూర్చుని చూడట్లేదు, భూమి మీద నుంచి చూస్తున్నాం, మన భూమి కూడా ఊరికే కూర్చోలేదు, గురుడి కంటే చాలా స్పీడుగా తిరుగుతోంది. హైవే మీద మన బస్సు ఒక లారీని దాటేటప్పుడు చూడండి, లారీ ముందుకే పోతున్నా మన కిటికీలోంచి చూస్తే దూరంగా కనిపించే కొండతో పోలిస్తే వెనక్కి పోతున్నట్టు ఉంటుంది. భూమి గురుణ్ణి దాటే ప్రతిసారీ అదే జరుగుతుంది. గురుడు నక్షత్రాల మీద ముందుకి నడుస్తూ నడుస్తూ ఆగి, ఒక నాలుగు నెలల పాటు వెనక్కి నడిచి, మళ్ళీ ముందుకి కదులుతాడు. దీన్నే వక్రించడం అంటారు. ఇది ఎప్పుడో ఒకసారి జరిగేది కాదు, 399 రోజులకొకసారి, అంటే 13 నెలలకొకసారి తప్పకుండా జరుగుతుంది. వెనక్కి నడిచే దూరం సుమారు 10 డిగ్రీలు.

ఇప్పుడు ఆలోచించండి. ఆ పది డిగ్రీల వెనక నడక రాశి మధ్యలో పడితే మనకి తేడా తెలియదు, సింహంలోనే కాస్త ముందుకీ వెనక్కీ తిరిగి సింహంలోనే ఉంటాడు. కానీ ఆ నడక సరిగ్గా రెండు రాశుల గడప మీద పడిందనుకోండి, గురుడు కొత్త రాశిలో అడుగుపెట్టి, కొన్నాళ్ళుండి, వెనక్కి పాత రాశిలోకి వచ్చేసి, మళ్ళీ కొన్నాళ్ళకి కొత్త రాశిలోకి వెళ్తాడు. అంటే ఒకే రాశిలోకి రెండుసార్లు ప్రవేశం! మొదటిసారి అలా తొందరగా పక్క రాశిలోకి వెళ్ళడాన్ని మన పంచాంగాల్లో అతిచారం అంటారు.

గోదావరికి ఈసారి జరుగుతోంది ఇదే. కర్కాటకంలో ఉన్న గురుడు 2026 అక్టోబరు 31న సింహంలోకి వస్తాడు, మూడు నెలలు కూడా నిండకుండానే వక్రించి 2027 జనవరి 25న కర్కాటకంలోకి వెనక్కి పోతాడు, మళ్ళీ 2027 జూన్ 26న సింహంలోకి వస్తాడు. నాసిక్ వాళ్ళు మొదటి రాకని పట్టుకున్నారు, మనవాళ్ళు రెండో రాకని పట్టుకున్నారు. పిన్ని అడిగిన ఎనిమిది నెలల తేడా అదే.

అమ్మ ఇక్కడ ఆపింది నన్ను. "ఒక గుమ్మంలోంచి రెండుసార్లు వస్తే మొదటిసారి వచ్చినప్పుడు కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళివ్వమా?" అంది. మంచి ప్రశ్న. ఇవ్వాలనే నాసిక్ వాళ్ళు అక్టోబరు 31న ధ్వజం ఎత్తుతున్నారు.

కానీ నాసిక్‌లో జరిగేది పుష్కరం కాదు, సింహస్థ కుంభమేళా. రెండూ గోదావరికే, రెండూ గురుడు సింహంలో ఉంటేనే, అయినా రెండింటి కొలత వేరు. కుంభమేళా గురుడొక్కడినే చూడదు, సూర్యుణ్ణి కూడా చూస్తుంది. హరిద్వార్‌లో గురుడు కుంభంలో, సూర్యుడు మేషంలో ఉండాలి. ప్రయాగలో గురుడు వృషభంలో, సూర్యుడు మకరంలో. నాసిక్‌లో గురుడూ సూర్యుడూ ఇద్దరూ సింహంలో. ఉజ్జయినిలో గురుడు సింహంలో, సూర్యుడు మేషంలో. అందుకే నాసిక్ పెద్ద స్నానాలు ఎప్పుడూ ఆగస్టు, సెప్టెంబరు చుట్టుపక్కలే పడతాయి. ఈసారి చూడండి, ధ్వజం 2026 అక్టోబరులో లేస్తుంది కానీ పెద్ద స్నానాలు 2027 ఆగస్టు 2, ఆగస్టు 31, సెప్టెంబరు 11న నాసిక్‌లో, 12న త్రయంబకంలో. ధ్వజం దింపేది 2028 జులై 24న, ఆ రోజే గురుడు సింహాన్ని పూర్తిగా వదిలేది. అంటే వాళ్ళకి అది ఒక లాంగ్ సీజన్, మొదటి అడుగు నుంచి చివరి అడుగు దాకా మొత్తం సింహస్థమే, మధ్యలో ఒకసారి గురుడు వెనక్కి వెళ్ళొచ్చినా ధ్వజం అలాగే ఉంటుంది, ముఖ్యమైన స్నానాలు ఎలాగూ సూర్యుణ్ణి బట్టి తర్వాత వస్తాయి.

మనది అలా కాదు. మనకున్నది 12 రోజులు. ఆ 12 రోజులు ఎక్కడ మొదలుపెట్టాలన్నదే మొత్తం విషయం. అక్టోబరులో పెట్టేస్తే గురుడు జనవరిలో వెనక్కి పోతాడు, అప్పుడు సింహంలో గురుడు లేని గోదావరి అయిపోతుంది, ఆ తర్వాత జూన్‌లో మళ్ళీ వస్తే దాన్నేమనాలి? అందుకని అతిచారంలో వచ్చిన రాకని పక్కనపెట్టి, వక్రం తీరాక వచ్చిన రాకని పుష్కర ప్రవేశంగా తీసుకోవడం మన వాడుక. ఇదేదో ఈసారి కొత్తగా చేసింది కాదు. తుంగభద్ర పుష్కరాలు గుర్తున్నాయా, 2020లో, కరోనా టైములో? గురుడు మకరంలోకి మొదట మార్చి ఆఖర్లో వచ్చాడు, జూన్ ఆఖర్లో ధనుస్సుకి వెనక్కి వెళ్ళాడు, మళ్ళీ నవంబరు 20న మకరంలోకి వచ్చాడు. పుష్కరాలు చేసింది నవంబరు 20 నుంచి డిసెంబరు 1 దాకా. అంతకుముందు ఏడు 2019లోనూ ఇంతే, మార్చిలో ధనుస్సులోకి ఒకసారి తొంగిచూసి వెళ్ళాడు, పుష్కరం బ్రహ్మపుత్రకి నవంబరులో చేశారు. 2021లో సింధు పుష్కరం కూడా రెండో రాకకే, నవంబరులో. అదే 2021లో హరిద్వార్ కుంభమేళా మాత్రం ఏప్రిల్‌లో, గురుడు కుంభంలోకి మొదటిసారి వచ్చినప్పుడే జరిగిపోయింది, ఎందుకంటే వాళ్ళకి సూర్యుడు మేషంలో ఉండాలి, నవంబరు దాకా ఆగితే సూర్యుడు దాటిపోతాడు. చూశారా, అప్పుడూ ఇదే తేడా, కాకపోతే సింధు స్నానానికి మనవైపు నుంచి వెళ్ళేవాళ్ళు తక్కువ కాబట్టి ఎవరికీ పట్టలేదు.

2019, 2020, 2021, మూడేళ్ళు వరసగా అలా జరగడం యాదృచ్ఛికం కాదు. భూమి గురుణ్ణి ఒకసారి దాటాక మళ్ళీ దాటే లోపు గురుడు సగటున 33 డిగ్రీలు ముందుకి పోతాడు. రాశి 30 డిగ్రీలు. అంటే ఒక ఏడాది వెనక నడక రాశిలో ఎక్కడ పడిందో, మరుసటి సారి పక్క రాశిలో అంతకంటే మూడు డిగ్రీలు అవతల పడుతుంది. పది డిగ్రీల నడక, మూడేసి డిగ్రీలు జరుగుతూ ఉంటే, గడప మీద ఒకసారి పడిందంటే కొన్నిసార్లు వరసగా గడప మీదే పడుతుంది. తర్వాత కొన్నేళ్ళు రాశుల మధ్యలో పడి ఏ గొడవా ఉండదు, 2022లో ప్రాణహిత, 2023లో గంగ, 2024లో నర్మద, 2025లో సరస్వతి, అన్నీ ఒకే తేదీతో హాయిగా జరిగిపోయాయి. ఇప్పుడు మళ్ళీ వరసగా: యమునకి గురుడు 2025 అక్టోబరులోనే కర్కాటకంలోకి ఒకసారి వచ్చి వెళ్ళాడు, అసలు రాక 2026 జూన్ 2. గోదావరికి 2026 అక్టోబరు, 2027 జూన్. కృష్ణకి కూడా ఇదే, 2027 నవంబరులో కన్యలోకి ఒకసారి, వెనక్కి వచ్చి 2028 జులైలో అసలు ప్రవేశం. కాబట్టి విజయవాడ వాళ్ళు రెడీగా ఉండండి, ఇదే వాదన మీ గ్రూపుల్లోకి కూడా వస్తుంది.

ఇంకో విషయం. పోయిన రెండు గోదావరి పుష్కరాలు, ఇప్పుడు రాబోయేది పక్కపక్కన పెట్టి చూస్తే ముచ్చటగా ఉంటుంది: 2003లో జులై 30న మొదలు, 2015లో జులై 14న, 2027లో జూన్ 26న. ప్రతిసారి పదహారు పద్దెనిమిది రోజులు ముందుకి జరుగుతోంది. 12 ఏళ్ళకి 11.86 ఏళ్ళకి ఉన్న ఆ కాస్త తేడా పని ఇది. ఆ కాస్త కాస్త పోగై ఏడు చుట్లకి 84 ఏళ్ళు పట్టాల్సింది 83కే అయిపోతాయి, అంటే ఏడు చుట్లలో ఒకసారి 12 ఏళ్ళకి బదులు 11 ఏళ్ళకే వచ్చేస్తుంది. హరిద్వార్ కుంభమేళా 1927 తర్వాత 1938లో వచ్చింది, ఆ తర్వాత 12 ఏళ్ళకోసారి వస్తూ 2010 తర్వాత 2021లోనే వచ్చేసింది. 1938కి 83 కలపండి, సరిగ్గా 2021.

ఈ లెక్క తెలిశాక నాకు 144 ఏళ్ళ మాట మీద నమ్మకం పోయింది. 2015లో మహా పుష్కరాలని, 144 ఏళ్ళకోసారి అని ఊరంతా చెప్పుకున్నారు, మొన్న ప్రయాగ కుంభమేళాకీ అదే అన్నారు. 12ని 12తో హెచ్చవేస్తే 144 వస్తుంది, నిజమే, కానీ గురుడు పన్నెండు చుట్లు తిరిగేసరికి 142 ఏళ్ళ చిల్లరే అవుతుంది, 144 ఏళ్ళప్పుడు ఆకాశంలో ప్రత్యేకంగా ఏమీ కలవదు. భక్తితో ఎవరైనా లెక్కించుకుంటే కాదనను. "ఇది పోతే ఈ జన్మకి లేదు" అనే మాట జనాన్ని ఒకే రోజు, ఒకే గంటలో, ఒకే రేవుకి తోస్తే మాత్రం నాకు భయం.

ఎందుకంటే 2015 జులై 14 మాకు గుర్తుంది. మొదటి రోజు, మంగళవారం, పొద్దున్న ఆరున్నర ప్రాంతంలో పుష్కర ప్రవేశం. ఆ మొదటి ఘడియలోనే, అదీ రాజమండ్రి పుష్కర ఘాట్‌లోనే మునగాలని జనం అర్ధరాత్రి నుంచే వచ్చి నిలబడ్డారు. తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. అమ్మ కూడా మొదటి రోజే వెళ్ళాలని ఎంతో పోరింది, నాన్నకి సెలవు దొరకలేదు, దాని మీద రెండు రోజులు మాటల్లేవు ఇంట్లో. ఆ పొద్దున్న టీవీ ముందు నిలబడి అమ్మ చేతిలో గరిట అలాగే పట్టుకుని ఏడ్చింది. మేము తొమ్మిదో రోజు వెళ్ళాం, అదీ రాజమండ్రి వైపు కాదు, ఇవతల కొవ్వూరులో గోష్పాద రేవులో. నాన్న నడుం లోతు నీళ్ళలో నిలబడి దోసిలితో తర్పణాలు వదులుతూ వాళ్ళ తాతగారి పేరు దగ్గర తడబడితే ఒడ్డు మీద నుంచి అమ్మ అందించింది. నీళ్ళు గోధుమ రంగులో ఉన్నాయి.

పంతులుగారు వచ్చి మా సంకల్పం మొదలుపెట్టారు ఈలోపు. సంకల్పం మనం చిన్నప్పటి నుంచి వింటూనే ఉంటాం కానీ అదొక అడ్రస్ అని నాకు ఈమధ్యే వెలిగింది. జంబూద్వీపే, భరతవర్షే, భరతఖండే, మేరోర్దక్షిణదిగ్భాగే, శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే, అని పెద్దదాని నుంచి చిన్నదానికి వస్తూ, గంగా గోదావర్యోః మధ్యప్రదేశే అన్నారు. అమ్మ వెంటనే "అదేంటండీ, పోయినసారి మా ఆయనకి కృష్ణా గోదావర్యోః అన్నారే" అంది. ఆవిడకి 2015 నాటి మాట గుర్తుంది! పంతులుగారు నవ్వి చెయ్యెత్తి అవతలి ఒడ్డు చూపించారు. "అప్పుడు మీరు అటు ఒడ్డున ఉన్నారమ్మా. అటు గోదారికి దక్షిణం, కృష్ణకీ గోదారికీ మధ్య. ఇటు గోదారి దాటేశారు, ఇక ఇక్కడి నుంచి గంగ దాకా ఒకటే." బ్రిడ్జి దాటితే సంకల్పం మారిపోతుంది. ఆ మారడం ఊరికే మాటల్లో ఆగిపోదు, గురుడు సింహంలో ఉన్నప్పుడు గంగకీ గోదావరికీ మధ్య ప్రాంతంలో పెళ్ళిళ్ళు చెయ్యకూడదని ముహూర్త శాస్త్రంలో ఒక నియమం ఉంది, దానికి మినహాయింపులూ ఉన్నాయనుకోండి, కానీ రాజమండ్రి వైపు వాళ్ళు అడిగి పెట్టుకుంటారు, కొవ్వూరు వైపు వాళ్ళకి ఆ ఇబ్బంది లేదు.

స్నానానికి మాత్రం ఏ ఒడ్డైనా ఒకటే. పంతులుగారినే అడిగింది అమ్మ, మొదటి రోజే పెట్టాలా, ఇక్కడే పెట్టాలా అని. ఆయన "పన్నెండు రోజులూ పుష్కరుడు ఉన్నట్టే తల్లీ, త్రయంబకం నుంచి అంతర్వేది దాకా గోదారి గోదారే, మొదటి రోజు ఎక్కువ ఆఖరి రోజు తక్కువ అని ఏమీ లేదు, మీకు కుదిరిన రోజు, మనసు నిలిచే చోట పెట్టుకోండి" అన్నారు. నేను పొద్దున్నుంచి గురుడి నడక చెప్తే సగం విన్న అమ్మ ఆ ఒక్క మాటకి ఊపిరి పీల్చుకుంది.

నీళ్ళ గురించి కూడా చెప్పాలి, ఇది చాలామందికి తెలియదు. గోదారి నాసిక్ దగ్గర త్రయంబకంలో బ్రహ్మగిరి మీద పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి వస్తుంది కాబట్టి రాజమండ్రిలో మనం మునిగే నీళ్ళు అక్కడివే అనుకుంటాం. నిజానికి పై నీళ్ళలో చాలావరకు పైఠాన్ దగ్గర జాయక్వాడిలో, మన పోచంపాడు శ్రీరామసాగర్‌లో ఆగిపోతాయి. కిందకి వచ్చే గోదారికి అసలు ప్రాణం పోసేది కాళేశ్వరం దగ్గర కలిసే ప్రాణహిత, మొత్తం నీళ్ళలో దాదాపు 40 శాతం ఆవిడవే, విదర్భ నుంచి వార్ధా, వైన్‌గంగ, పెన్‌గంగ కలిపి తెస్తుంది. ఆ తర్వాత బస్తర్ అడవుల నుంచి ఇంద్రావతి, ఇంకా కింద శబరి. జులైలో రాజమండ్రిలో కనిపించే ఆ ఎర్రనీళ్ళు, కొత్తనీరు అంటామే, అవి ఎక్కువగా ఈ ముగ్గురు అక్కచెల్లెళ్ళవి. నాకు ఇది తెలిశాక భక్తి తగ్గలేదు, పెరిగింది, ఒక్క మునక వేస్తే ఇన్ని కొండలూ అడవులూ తిరిగొచ్చిన నీళ్ళు తల మీద నుంచి పోతున్నాయి కదా అని.

2027లో తేదీ జూన్ ఆఖరికి రావడంతో ఇంకో తేడా ఉంటుంది. 2003లో జులై ఆఖరు అంటే వర్షాకాలం నడిమధ్య. జూన్ 26 అంటే రుతుపవనాలు అప్పుడప్పుడే వస్తుంటాయి, ఒక్కో ఏడు ఎర్రనీరు అప్పటికి దిగి రాకపోవచ్చు. అయినా రాజమండ్రి రేవులకి నీటి కరువు ఉండదు, కింద ధవళేశ్వరంలో ఆనకట్ట నిలిపి పెడుతుంది కాబట్టి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ముగించిన ఆనకట్ట అది, ఇప్పుడున్న బ్యారేజీ తర్వాత కట్టింది. ఎండాకాలంలోనూ అఖండ గోదావరి ఒడ్డు నుంచి ఒడ్డుకి నిండుగా కనిపిస్తోందంటే దాని పుణ్యమే. పైన బాసర, ధర్మపురి వైపు వెళ్ళేవాళ్ళు మాత్రం నీళ్ళ సంగతి ముందే కనుక్కుని బయల్దేరడం మంచిది.

మధ్యాహ్నం కొవ్వూరు వెళ్దామంది అమ్మ. రోడ్ కమ్ రైల్ బ్రిడ్జి మీద ఆటోలో వెళ్ళాం. గోష్పాద రేవులో పెద్దగా జనం లేరు, మెట్ల మీద ఒకావిడ బట్టలు ఆరేసుకుంటోంది, ఇద్దరు పిల్లలు గాలాలు వేసుకుని కూర్చున్నారు. గౌతముడి ఆవు కథ ఇక్కడా చెప్తారు, త్రయంబకంలోనూ చెప్తారు, ఆ ఆవు డెక్క పడ్డ చోటు కాబట్టి గోష్పాదం. నాన్న నిలబడ్డ మెట్టు ఇదే అని అమ్మ ఒకటి చూపించింది, నాకైతే పక్క మెట్టు అనిపించింది, ఏమీ అనలేదు.

అక్కడే కూర్చుని ఫోన్‌లో 2027 క్యాలెండర్ తీశాం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన రోజులు జూన్ 26 నుంచి జులై 7. జూన్ 26 శనివారం, కాబట్టి మొదటి రోజే వీకెండ్, వద్దు. జులై 3, 4 మళ్ళీ శని ఆదివారాలు, పైగా జ్యేష్ఠ అమావాస్య ఆ రెండు రోజుల్లోనే పడుతోంది, పితృకార్యాలకి అమావాస్య అంటే ఎంతమంది వస్తారో చెప్పక్కర్లేదు. అదీ వద్దు. సోమవారం జులై 5, పదో రోజు. అప్పటికీ కుదరకపోతే 2028 జులైలో అంత్య పుష్కరం ఉంది, గురుడు సింహం వదిలే ముందు పన్నెండు రోజులు, ఆ రోజుల గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోరు కాబట్టి రేవులు ఖాళీగానే ఉంటాయి. మధ్యలో ఏ రోజు వచ్చినా మధ్యాహ్నం ఆ గంటన్నర ఎలాగూ ఉంది.

పిన్నికి అక్కడి నుంచే ఫోన్ చేసింది అమ్మ. "నువ్వు అక్టోబరులో ధ్వజం చూసి రా, ఆగస్టులో స్నానం చెయ్యి, మీ వైపు అదే కరెక్టు. మేము జులై ఐదున ఇక్కడ" అని చెప్పి, కాసేపు అటు నుంచి ఏదో విని, "లేదులే, ఎవరిదీ తప్పు కాదంట, ఆయన రెండుసార్లు వస్తున్నాడు" అంది. తర్వాత ఫోన్ నాకిచ్చి, చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని, తను చూపించిన మెట్టు దాకా నీళ్ళలోకి దిగింది.